ఎలిఫెంట్ బీచ్‌కి నడిచి వెళ్లేవాళ్లు ముందు ఆటుపోట్లు చూసుకోండి

అండమాన్‌లో హేవ్‌లాక్‌కి ఒక్క రోజే కేటాయించగలిగితే, ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో కాకుండా అడవిదారిన వెళ్లండి. రాధానగర్ రోడ్డు మీద దిగితే సుమారు రెండు కిలోమీటర్ల నడక. టికెట్ మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటే కంగారుపడకండి, 2018లో పేరు మారింది, దీవి అదే.

ఫెర్రీ బుక్ చేసే ముందే ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూడండి. దారి చివర మడచెట్ల మధ్య నుంచి పోతుంది, పోటు మీదుంటే నీళ్లలో దిగి నడవాల్సి వస్తుంది. పొద్దున్నే బయల్దేరడం మంచిది. గడియారం మనదే అయినా దీవులు బాగా తూర్పున ఉన్నాయి, చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. వాన పడితే దారంతా బురద, జారని చెప్పులు వేసుకోండి.

స్నార్కెలింగ్‌కి పొడుగు చేతుల టీషర్ట్ తప్పనిసరి. నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీటి అడుగు చూస్తూ బోర్లా తేలుతుంటే వీపు కాలుతున్న సంగతే తెలియదు. పగడాలు ప్రాణులు, దయచేసి వాటి మీద నిలబడకండి. ఒడ్డున దొరికిన పగడపు ముక్కైనా సంచిలో వేసుకోవద్దు, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట మాత్రం ఎవరెన్ని చెప్పినా నీళ్లలోకి దిగకండి.