భోగి మంట దగ్గర వాతావరణం మీద వాదించడం ఎలా

2020 భోగికి మా ఊళ్లో మంటలో వేసిన దుంగ తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరి మాను. పదిహేను నెలలు ఎండినా లోపల ఇంకా తడి ఉన్నట్టుంది, మంట కంటే పొగే ఎక్కువ వచ్చింది. ఆ పొగలో కళ్లు నులుముకుంటూ మా మావయ్యా, సిడ్నీ నుంచి పండక్కి వచ్చిన మేనల్లుడూ మొదలుపెట్టారు. "తాతయ్యా, అక్కడ ఆస్ట్రేలియాలో అడవి మంటలకి ఊళ్లకి ఊళ్లు కాలిపోతున్నాయి, అంతా క్లైమేట్ ఛేంజే" అని వాడు. "ఎవుడో అగ్గిపుల్ల గీస్తేనే కదరా అంటుకుంటాది, దానికి క్లైమేటు ఏటి సేస్తాది? మా కాలంలో గాలివానలు నేవా?" అని ఈయన. అరగంట తిరిగేసరికి ఒకరు అలిగి తలంటుకి లేచిపోయారు, ఇంకొకరు ఫోన్లో తల దూర్చేశారు. దుంగ మాత్రం మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతూనే ఉంది.

మా పలాస వైపు ఏటా అక్టోబరులో వాయుగుండం అన్న మాట వినపడగానే ఇదే వాదన మళ్లీ మొదలవుతుంది. దీన్ని అలకల దాకా పోకుండా నడపడానికి నేను చేసేది ఇదీ.

ముందుగా, నోరు తెరవకముందే, అవతలివాళ్లు మాట్లాడుతున్నది ఏ ప్రశ్న గురించో పట్టుకోండి. ఇలాంటి గొడవల్లో మూడు ప్రశ్నలు ముద్దయిపోయి ఉంటాయి: ఎవరు అంటించారు, అంటుకున్నది అంత దూరం ఎందుకు పాకింది, పాకినప్పుడు ఎవరు ఎందుకు దొరికిపోయారు. మావయ్య మొదటిదానికి జవాబు చెప్తున్నాడు, మేనల్లుడు రెండోదానికి. ఇద్దరివీ కరెక్టే కావచ్చు, అందుకే ఎవరూ తగ్గరు.

ఆస్ట్రేలియాలో జరిగిందే చూడండి. అప్పట్లో అక్కడ 183 మంది మీద కేసులంటూ ఒక అంకె తెగ తిరిగింది, "చూశారా, అంతా దుండగుల పనే" అని. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం పోలీసులు 183 మంది మీద చర్య తీసుకున్న మాట నిజమే. కానీ కావాలని అడవి తగలబెట్టారని కేసు పెట్టింది అందులో 24 మంది మీద. 53 మంది మంట పెట్టొద్దన్న నిషేధం ఉన్నప్పుడు పెట్టారని, ఇంకో 47 మంది కాలుతున్న సిగరెట్టో అగ్గిపుల్లో విసిరేశారని పట్టుబడ్డవాళ్లు. అన్నిటికంటే పెద్ద మంటల్లో ఒకటైన గాస్పర్స్ మౌంటెన్ మంట పిడుగు పడి మొదలైంది. కాబట్టి ఎవరైనా ఒక అంకె చెప్తే వెంటనే కొట్టిపారెయ్యకండి, "అందులో ఏ రకం ఎంతమంది?" అని అడగండి. సగం వాదనలు అక్కడే చల్లబడతాయి.

రెండో ప్రశ్నకి నేను వాడేది గడ్డిమేటు ఉదాహరణ. నూర్పిళ్లయ్యాక వేసిన మేటు మీద వాన పడిన మర్నాడు చుట్ట విసిరితే ఏమవుతుంది? కాసేపు పొగ. అదే మే నెల మిట్టమధ్యాహ్నం, వడగాలిలో విసిరితే? మేటుతో పాటు పక్కిల్లు కూడా పోతుంది. చుట్ట విసిరినవాడు రెండుసార్లూ అదే మనిషి. 2019 ఆస్ట్రేలియా రికార్డుల్లోకెల్లా అత్యంత వేడి సంవత్సరం, అత్యంత పొడి సంవత్సరం కూడా. 2020 జనవరి 4న సిడ్నీ శివారు పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. మన భోగికి పది రోజుల ముందు మాట ఇది. మా సీతంపేట కొండల మీద (జిల్లాలు విడగొట్టాక మన్యంలోకి వెళ్లిపోయింది గానీ మాకు ఇప్పటికీ మా కొండలే) పోడు తగలబెట్టేవాళ్లని అడిగినా ఇదే చెప్తారు, నిప్పు గట్టు దాటుతుందా లేదా అన్నది ఆకు ఎంత ఎండింది, గాలి ఎటుంది అన్నదాన్ని బట్టే.

ఇక్కడ మేనల్లుడికీ ఒక చురక వెయ్యాలి. ఆ ఏడు ఆస్ట్రేలియా అంత ఎండిపోవడానికి హిందూ మహాసముద్రం డైపోల్ కూడా ఒక పెద్ద కారణం. ఆఫ్రికా వైపు సముద్రం వేడెక్కి, ఇండోనేషియా వైపు చల్లబడింది, వాన పడమటికి జరిగిపోయింది. 2019లో మనకి నైరుతి వానలు మామూలుకంటే పది శాతం ఎక్కువ పడ్డాయి, అందులోనూ దీని చెయ్యి కొంత ఉంది. ఇలాంటి ఊగులాట ఎప్పుడూ ఉన్నదే. భూమి వేడెక్కడం దాని మీద అదనంగా వచ్చి పడుతోంది. మొత్తాన్నీ ఒక్క మాటలో "క్లైమేట్ ఛేంజ్" అనేస్తే మావయ్య లాంటివాళ్లకి దొరికిపోతారు.

"మా కాలంలో నేవా?" అన్నదానికి ముందు "ఉన్నాయి మావయ్యా" అని ఒప్పేసుకోండి. 1977 దివిసీమ ఉప్పెన, 1999 ఒడిశా సూపర్ సైక్లోన్, వీటి ముందు మన తిత్లీ ఎంత? "తుపాన్లు ఎక్కువైపోయాయి" అని మాత్రం పొరపాటున కూడా అనకండి, ఎందుకంటే అది తప్పు. మన చుట్టూ ఉన్న సముద్రాల్లో తుపాన్ల మొత్తం సంఖ్య 1951 నుంచి చూస్తే కాస్త తగ్గింది కూడా. 2000 తర్వాత రెండు దశాబ్దాల్లో పెరిగింది వానాకాలం వెళ్లాక వచ్చే అతి తీవ్ర తుపాన్లు. లెక్క తక్కువ, దెబ్బ ఎక్కువ. ఈ తేడా చెప్పారంటే ఎదుటివాళ్లు మీ మాట వినడం మొదలుపెడతారు, ఎందుకంటే వాళ్లు చూసిందాన్ని మీరు కాదనలేదు.

"ఇప్పుడు చావులు తగ్గాయి కదా, మరి తుపాన్లు బలపడ్డాయంటారేం?" అని కూడా వస్తుంది. 1999లో ఒడిశాలో పదివేల మంది దాకా పోయారు. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ చిన్నదేమీ కాదు, కానీ పోయినవాళ్లు పదుల్లోనే. తుపాను జాలిపడలేదు, పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. చావుల లెక్క తీసుకొచ్చి గాలి బలం కొలవకూడదు.

ఒక్క తుపానునే పట్టుకుని "ఇది మనం చేసిందా కాదా" అని బల్ల గుద్దేవాళ్లకి నేను పేకముక్కలు చూపిస్తాను. కట్టలో ఎవరో నాలుగు జోకర్లు ఎక్కువ కలిపారనుకోండి. మీ చేతికొచ్చిన ఈ జోకర్ పాతదా, కొత్తగా కలిపిందా అంటే చెప్పలేరు. కానీ తెల్లార్లూ ఆడితే జోకర్లు ఎక్కువ పడుతున్న సంగతి తెలిసిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది, సముద్రం వేడెక్కితే తుపానుకి మేత పెరుగుతుంది. జోకర్లు కలపడమంటే ఇదే. కలిపింది మనుషులేనా అన్నదాని మీద మాత్రం టైం వేస్టు చేసుకోకండి. 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ ఆ విషయం అనుమానం లేకుండా తేల్చేసింది, అప్పటికే భూమి దాదాపు 1.1 డిగ్రీలు వేడెక్కింది.

ప్లాస్టిక్ కవర్లు, ఓజోన్ పొరకి చిల్లు, సెల్ టవర్లు, ఇవన్నీ ఒకే సంచిలో వేసి తెచ్చేవాళ్లుంటారు. నవ్వి టీ ఇప్పించండి, అవి వేరే గొడవలు.

ఇక మూడో ప్రశ్న, ఎవరు దొరికిపోయారు అన్నది. దీన్ని మర్చిపోతే వాదన మొత్తం ఆకాశంలోనే ఉండిపోతుంది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. మా పెరట్లో కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్నిటికి మాను నిలబడే ఉంది గానీ మొవ్వు తెగిపోయింది. మొవ్వు తెగిన చెట్టు చచ్చినట్టే, అయినా ఆ రోజుకి ఆకు పచ్చగానే కనిపిస్తుంది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పడమటి గట్టు మీదికి రాకుండానే, రోడ్డు మీంచి నిలబడ్డవన్నీ బతికున్నట్టు రాసుకుని వెళ్లిపోయారు. ఆ తప్పు బంగాళాఖాతానిది కాదు. గెడ్డ (వాగు) కప్పేసి ఇళ్లు కట్టించి, మునిగాక "ప్రకృతి వైపరీత్యం, ఏం చేస్తాం" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. క్లైమేట్ ఛేంజ్‌ని నమ్మడమంటే వీళ్లని వదిలెయ్యడం అనుకోకండి. గాలి బలపడుతుందని తెలిసినప్పుడు గెడ్డ కప్పడం ఇంకా పెద్ద తప్పు.

చివరగా ఒక చిట్కా, నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది. పెద్దవాళ్లతో వాదించేటప్పుడు అభిప్రాయం అడక్కండి, తేదీలు అడగండి. జీడిపూత ఎప్పుడొచ్చింది, మంచు ఎన్నాళ్లు పట్టింది, నాట్లు ఏ నెలలో పడ్డాయి. మేనల్లుడు రెండు రోజులాగి, కనుమ రోజున, సిగ్గుపడుతూనే అడిగాడు. మావయ్య ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి, తలుపు వెనక ఒకే మేకుకి ఒకదాని మీద ఒకటి వేలాడేసిన పన్నెండేళ్ల తెలుగు క్యాలెండర్లు దులిపి పట్టుకొచ్చాడు. పాల లెక్కల పక్కనే పెన్సిల్‌తో వాన పడిన రోజులకి సున్నాలు, పూత కనపడిన రోజుకి గీత. 2018 అక్టోబరు పేజీలో 11వ తేదీ చుట్టూ మాత్రం పెన్నుతో గీసిన చదరం, లోపల ఏమీ రాయలేదు. ఇద్దరూ అరుగు మీద కూచుని సాయంత్రం దాకా ఆ గీతలు నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నారు, మధ్యలో రెండుసార్లు మళ్లీ అరుచుకున్నారు, ఒక గీత జనవరి 9నా 19నా అని.