పాత కారు మైలేజీ పడిపోయిందా? షెడ్డుకి ఇచ్చే ముందు ఇలా చూసుకోండి

"పదిహేనిచ్చే బండి, ఇప్పుడు పదీ రావట్లేదు" అనగానే చాలా షెడ్డుల్లో ముందు ప్లగ్గులు, తర్వాత ఫిల్టరు, ఆపైన ఇంజెక్టర్ క్లీనింగు అంటూ బిల్లు పెరిగిపోతుంది. బండి అసలు ఎంతిస్తోందో మాత్రం ఎవరూ కొలవరు. ఈ వరస పాత పెట్రోల్ సెడాన్లకి.

1. ముందు కొలవండి

బంకులో నాజిల్ దానంతటది ఆగేదాకా కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. సగం ట్యాంకు పైగా వాడాక అదే పంపు దగ్గర అలాగే నింపించండి. నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. 350 కిలోమీటర్లకి 28 లీటర్లు పడితే 12.5.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూ, విజయనగరం కోట జంక్షన్ చుట్టూ తిరిగే బండికి ఇంజిన్ వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది. దానికి మైలేజీ రాకపోవడం రోగం కాదు, వాడకం. అందుకే ఒక ట్యాంకు రణస్థలం వైపు హైవే మీద 80 దాటకుండా నడిపి చూడండి. అక్కడా తక్కువే వస్తే వెతకాల్సిందే.

2. చక్రాలు

టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీదున్న లెక్క ప్రకారం గాలి పెట్టించండి. పంక్చర్ షాపు వాళ్లు అలవాటుగా పెట్టే లెక్క కాదు.

తర్వాత బ్రేకులు. బ్రేకు పెద్దగా తొక్కకుండా కాస్త దూరం నడిపి, నెమ్మదిగా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. డిస్కుని మాత్రం తాకొద్దు. ఒక్కటే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టే. జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి కాలిపర్ పిన్నులు (బ్రేకు ప్యాడ్లని బిగించే భాగం జారే పిన్నులు) తుప్పు పట్టి బిగుసుకుంటాయి. వెనక చక్రాలైతే హ్యాండ్ బ్రేకు కేబుల్ని అనుమానించండి.

3. థర్మోస్టాట్ వాల్వు ఉందా?

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటరులోకి పోనివ్వని వాల్వు ఇది. నన్నడిగితే పాత బండిలో ముందు అనుమానించాల్సింది దీన్నే. ఎప్పుడో బండి వేడెక్కితే "మనకి ఎండలెక్కువ, ఇదక్కర్లేదు" అని ఆ వాల్వుని తీసి పడేసిన షెడ్డులు బోలెడు. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటరులో తిరుగుతాయి, ఇంజిన్ చాలాసేపు చల్లగానే ఉంటుంది. చల్లగా ఉందని ఇంజిన్ కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యానుకి చెయ్యి దూరంగా పెట్టి, రేడియేటరు పై గొట్టం పట్టుకోండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే వాల్వు బాగున్నట్టు. మొదట్నుంచీ మెల్లమెల్లగా వేడెక్కుతుంటే తెరుచుకుని ఉండిపోయింది, లేదా అసలు లేదు. హైవే మీద టెంపరేచర్ ముల్లు కిందికి జారిపోయినా అదే అర్థం. వాల్వు వేయించేటప్పుడే, అప్పట్లో బండి ఎందుకు వేడెక్కిందో కూడా చూపించండి. ఫ్యాను తిరగకపోవడమో, రేడియేటరు మూసుకుపోవడమో అయ్యుండొచ్చు.

4. ఫిల్టరు, ప్లగ్గులు, సెన్సారు

కంప్యూటరు కొలిచి పెట్రోలు పోసే ఇంజెక్షన్ బండిలో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే మైలేజీ కంటే పికప్ ఎక్కువ పడిపోతుంది. మార్చండి గానీ అద్భుతాలు ఆశించకండి. కార్బురేటర్ బండికైతే అది నిజంగానే పెట్రోలు తాగిస్తుంది. ప్లగ్గుల మీద నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని గుర్తు. అప్పుడు ఆక్సిజన్ సెన్సారునీ, కూలెంట్ టెంపరేచర్ సెన్సారునీ స్కానరుతో చూపించండి. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు కదా అని వదిలేయొద్దు, ముసలి సెన్సారు లైటు వెలిగించకుండానే తప్పు లెక్క చెప్పగలదు.

నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం వేగం అందుకోకపోతే క్లచ్చు ప్లేటు అరిగినట్టు.

5. పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. కాబట్టి 15 ఇచ్చే బండి 14 ఇస్తే దానికి మందు లేదు. 10కి పడిపోతే నేరం ఇథనాల్ది కాదు. పాత బండిలో రబ్బరు పెట్రోల్ పైపులు ఉబ్బాయేమో, పగిలాయేమో మాత్రం ఓసారి చూడండి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమంటే స్టార్ట్ చేయొద్దు, మెకానిక్‌నే ఇంటికి రప్పించండి.