తుపాను రోజుల్లో ఇంటికి జనరేటర్ ఎలా పెట్టాలి?

2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలా ఇళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అప్పటినుంచి మా వైపు చిన్న పెట్రోల్ జనరేటర్ కొన్నవాళ్లు ఎక్కువే. వాడడం వచ్చినవాళ్లే తక్కువ.

కావలసినవి: రెండు కేవీఏ జనరేటర్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైనుకో జనరేటర్‌కో ఒకదానికే కలిపే మీట). ఇంజన్ ఆయిల్ చూసుకుని చదునైన నేల మీద పెట్టండి.

పెట్టేది ఆరుబయట. వరండా, మెట్ల కింద, కారు షెడ్డు ఆరుబయట కిందికి రావు. తలుపులకీ కిటికీలకీ 20 అడుగులన్నా దూరం ఉండాలి, పొగ గొట్టం ఇంటివైపు తిరగకూడదు. వానకి తడవకుండా పైన రేకు చాలు, చుట్టూ పరదా కట్టకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. తల నొప్పి, వాంతి వచ్చేలా ఉంటే అందరూ వెంటనే బయటికొచ్చి 108కి ఫోన్ చేయండి. కిటికీలు తీసినంత మాత్రాన సరిపోదు.

ఇక జనం చెడగొట్టేది కనెక్షన్ దగ్గర. రెండు చివర్లా పిన్నులున్న వైరు చేయించి, ఒకటి జనరేటర్లో, ఇంకొకటి గోడ సాకెట్లో గుచ్చుతారు. ఆ కరెంటు మీ ఇంట్లోనే ఆగదు. సర్వీస్ వైరు గుండా వెనక్కి వెళ్తే, వీధి ట్రాన్స్‌ఫార్మర్ తిరగబడి పనిచేసి 230 వోల్టుల్ని 11 వేల వోల్టులు చేస్తుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ గతేమిటి?

“మెయిన్ దించాం కదండీ” అంటారు. చీకట్లో ఎవరో ఒకరు ఎత్తేస్తారు. వైరు సాకెట్లోంచి ఊడితే ఆ పిన్నులు ముట్టుకున్న పిల్లాడికి షాకే. పైగా లైను కరెంటు వచ్చిందంటే జనరేటర్ వైండింగ్ కాలిపోతుంది.

చేంజోవర్ స్విచ్ ఉంటే లైనో జనరేటరో ఒకటే కలుస్తుంది. సింగిల్ ఫేజ్ ఇంటికి డబుల్ పోల్ది పెట్టించండి, ఫేజుతోపాటు న్యూట్రల్ కూడా విడిపోవాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే బిగించాలి, ఎర్తింగ్ కూడా అప్పుడే చూపించండి. స్విచ్ లేదా? జనరేటర్ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకెళ్లి ఫ్రిజ్‌కి నేరుగా ఇవ్వండి. అసలు అద్దె ఇళ్లకి ఇదే పద్ధతి.

లోడు లేకుండా స్టార్ట్ చేసి రెండు నిమిషాలాగండి. ముందు ఫ్రిజ్, తర్వాత ఫ్యాన్లు. ఒక హెచ్‌పీ బోరు మోటారు జోలికి పోకండి: 746 వాట్లే కదా అనిపిస్తుంది గాని, స్టార్టింగులో అది చాలా రెట్లు లాగుతుంది.

పెట్రోలు అయిపోతే ఆపి, ఇంజన్ చల్లారాకే పోయండి. డబ్బా వంటింటికి దూరంగా ఉంచండి.