రెజిన్ నీళ్లు పోసేముందు

చెన్నైలో డయోరామాకి (బుల్లి నమూనా దృశ్యానికి) రెజిన్‌తో చెరువో కాలవో చేస్తున్నారా? ముందు ఆకాశం చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు. ఆ తేమకి ఎపాక్సీ రెజిన్ (నీళ్లలా పోస్తే గట్టిపడే పారదర్శక ద్రవం) మీద జిడ్డు పొర కట్టి మసకబారుతుంది. ముసురు రోజున సీసా మూతే తీయకండి.

గట్లకి, గడ్డి మొదళ్లకి ముందే జిగురు పూసి ఆరనివ్వాలి. లేకపోతే లోపలి గాలి బుడగలై పైకొస్తుంది.

రెజిన్ కారకుండా అంచుకి వేసిన టేపును వేలితో నొక్కుతూ చుట్టూ తడమండి. నా బుల్లి కూవం నది, మూలనున్న వెంట్రుకంత సందులోంచి తెల్లారేసరికి టేబుల్ మీదికి పారింది!

రెజిన్, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) పాళ్లు లేబుల్ ప్రకారమే; కంటి అంచనా వద్దు. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగలొచ్చు, 3 మిల్లీమీటర్ల పొరలు మేలు. నైట్రైల్ గ్లౌజులు, తెరిచిన కిటికీ తప్పనిసరి. కిటికీ తెరిస్తే దోమలూ వస్తాయి, పోయగానే పైన ఒక డబ్బా బోర్లించండి.