ఇంట్లో ప్లాస్టిక్ తగ్గించుకోవడం, 3వ పాఠం: త్రికోణం గుర్తు ఉందని లెక్కలోంచి తీసేయకండి

పోయినసారి ఇచ్చిన పని గుర్తుంది కదా, వారం రోజులు ఇంట్లోంచి చెత్తలోకి పోయే ప్రతి ప్లాస్టిక్ ముక్కనీ ఒక సంచిలో వేసి ఆఖర్న లెక్కపెట్టమన్నాను. చాలామంది చేశారు, నిజంగా సంతోషం. కానీ రెండు చోట్ల బోల్తాపడ్డారు, అందుకే ఈసారి చెప్తానన్న బాత్రూమ్ పాఠం ఆపి ముందు ఇవి సరిచేసుకుందాం.

మొదటిది, కొంతమంది ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ పారేసి గాజువి, స్టీలువి కొనేశారు. వద్దండీ. ఆ డబ్బా ఎలాగూ తయారైపోయింది, ఇంకో ఐదేళ్లు వాడితే ఐదేళ్లు చెత్త కాకుండా ఉంటుంది. గుడ్డ సంచులూ అంతే, ఇంట్లో పది పేర్చుకుంటే లాభం లేదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క కట్టింది, ఒకసారి వాడి పడేసే పల్చటి కవర్ కంటే కాటన్ సంచి వల్ల వాతావరణానికి మేలు జరగాలంటే దాన్ని 131 సార్లకి పైనే వాడాలంట. నేనైతే ఒకే సంచి వాడతా, పిడి ఊడితే కుట్టుకుంటా, అది తలుపు గొళ్లేనికే వేలాడుతుంటుంది కాబట్టి మర్చిపోయే పనే లేదు.

ఇక రెండోది, నాకు బాగా చిరాకు తెప్పించేది. "దీని మీద త్రికోణం ఉంది, రీసైకిల్ అయిపోతుంది కదా, అందుకే లెక్కలో వేయలేదు" అన్నవాళ్లు సగం మంది. ప్లాస్టిక్ వస్తువుల మీద బాణాలతో చేసిన త్రికోణం, లోపల ఒక అంకె ఉంటాయి కదా, ఆ గుర్తుకి ఆ అర్థం లేదు! 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్ల సంఘం దాన్ని తెచ్చింది, లోపలున్న అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్తుంది, అంతే. 1 అంటే పెట్, నీళ్ల బాటిల్ రకం. 2 షాంపూ బాటిళ్ల హెచ్‌డీపీఈ, 3 పైపుల పీవీసీ, 4 పల్చటి కవర్ల ఎల్‌డీపీఈ, 5 పార్సిల్ డబ్బాల పాలీప్రొపిలీన్, 6 థర్మాకోల్ జాతి, ఈ ఆరింట్లో దేంట్లోనూ పడనివన్నీ కలిపి 7. బాణాలు చూసి జనం పొరబడుతున్నారనే 2013లో ప్రమాణం మార్చి బాణాల్లేని మామూలు త్రికోణం చేశారు, కానీ పాత అచ్చుల్లోంచి బాణాల గుర్తే ఇంకా వస్తోంది.

ఒక పని చేసి చూడండి. ఖాళీ నీళ్ల బాటిల్లోంచి చిన్న ముక్క కత్తిరించండి, మూతలోంచి ఇంకో ముక్క, రెండూ గిన్నెడు నీళ్లలో వేసి గాలి బుడగలు పోయేదాకా వేలితో అదిమి వదలండి. బాటిల్ ముక్క అడుక్కి పోతుంది, మూత ముక్క పైకి తేలుతుంది. ఒక్క బాటిల్లోనే రెండు రకాలు, ఎవరో ఒకరు వేరు చేయాల్సిందే. ఇప్పుడు షాంపూ సాషే తీసుకుని చించిన అంచు దగ్గర చూడండి, పైన రంగులు అచ్చేసిన పొర, చాలావాటిలో మధ్యలో వెండి రంగు, లోపల ఇంకో పొర, అన్నీ అతుక్కుపోయి ఉంటాయి, వాటిని విడదీయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. 2017లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం 2015 వరకు ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమే. అందుకే నా పద్ధతిలో గుమ్మం దాటి లోపలికొచ్చిన ప్రతీదీ లెక్కే, తర్వాత అది ఎటుపోయినా సరే. మనం వద్దనగలిగేది గుమ్మం దగ్గరే కదా.

అభ్యాసం: వారం లెక్క మళ్లీ మొదట్నుంచి, త్రికోణం ఉన్నవాటితో సహా. ఈసారి ప్రతిదాని పక్కనా ఎవరు తెచ్చారు, అడిగి తెచ్చారా అడక్కుండానే చేతిలో పెట్టారా అని రాయండి. అడక్కుండా వచ్చినవాటిలో ఎక్కువసార్లు కనిపించిందాన్ని ఒక్కటే పట్టుకుని 30 రోజులు వద్దని చెప్పండి. మధ్యలో ఒక్కసారి వచ్చినా మళ్లీ ఒకటో రోజు నుంచే మొదలు, కష్టమని తెలుసు, అయినా అలాగే చేయండి. అది పూర్తయ్యాకే బాత్రూమ్ పాఠం.