చెస్ టోర్నమెంట్ ఆటలో రిపిటిషన్ డ్రా ఎలా క్లెయిమ్ చేయాలి?

ఓడిపోయే ఆటను గంటల తరబడి కాపాడుకొచ్చి, తీరా క్లెయిమ్ చేయడం తెలియక అర పాయింటు పోగొట్టుకునే పిల్లలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఒకే పొజిషన్ (బోర్డు మీద పావుల అమరిక) మూడుసార్లు వస్తే డ్రా అని అందరికీ తెలుసు. అడిగే పద్ధతే తెలియదు.

కావలసింది బాగా రాసే పెన్ను, అర్థమయ్యేలా రాసిన స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం).

ముందు పొజిషన్ లెక్క చూసుకోండి. వరసగా రావాలనేం లేదు. 1971లో బ్యూనస్ ఎయిర్స్‌లో గ్రాండ్‌మాస్టర్లు ఫిషర్, పెట్రోసియాన్ ఆడిన మూడో గేమ్ ఇలాగే డ్రా అయింది, మధ్యలో ఎత్తులు వేరైనా సరే. మూడుసార్లూ వంతు ఒకరిదే కావాలి. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) హక్కులు, ఆన్ పసాన్ (రెండు గళ్లు దూకి పక్కకొచ్చిన బంటును బంటుతో కొట్టడం) అవకాశం కూడా మారకూడదు.

ఇక అసలు చిక్కు. మీరు వేయబోయే ఎత్తుతో పొజిషన్ మూడోసారి వస్తుందనుకోండి. ఆ ఎత్తు బోర్డు మీద వేయకండి! చేతులు ఒళ్లో పెట్టుకోండి. మామూలుగా ఎత్తు వేశాకే రాయాలి, ఇక్కడ మాత్రం ముందే రాయాలి. రాసి, క్లాక్‌లో పాజ్ బటన్ నొక్కి, ఆర్బిటర్‌ను (ఆట నిర్ణేతను) పిలిచి, “ఈ ఎత్తుతో పొజిషన్ మూడోసారి వస్తుంది, డ్రా క్లెయిమ్ చేస్తున్నాను” అని చెప్పండి.

చాలామంది ఎత్తు వేసేసి, క్లాక్ నొక్కేసి, ఆ తర్వాత చెయ్యెత్తుతారు. అప్పటికి వంతు ఎదుటివాళ్లది, క్లెయిమ్ చెల్లదు. పావును కావాలని ముట్టుకున్నా ఆ వంతుకు హక్కు పోయినట్టే. ఎదుటివాళ్ల ఎత్తుతోనే మూడోసారి వచ్చి ఉంటే మీరు ఏమీ రాయక్కర్లేదు. పావు ముట్టకుండా క్లాక్ ఆపి పిలవండి, చాలు.

రాసిన ఎత్తును మార్చడానికి లేదు, క్లెయిమ్ వెనక్కి తీసుకోవడానికీ లేదు. తప్పని తేలితే ఎదుటివాళ్లకు 2 నిమిషాలు కలుపుతారు, మీరు రాసిన ఎత్తే వేయాలి. అందుకే క్లెయిమ్ వీగిపోయినా ఆట నిలబడే ఎత్తేనా అని చూసుకుని మరీ రాయండి.

కొందరు కోచ్‌లు “ఎందుకొచ్చిన టెన్షన్, డ్రా ఇస్తావా అని అడిగెయ్” అంటారు. నేనొప్పుకోను. అడిగితే అది ప్రతిపాదన, కాదనే హక్కు వాళ్లకుంది. నియమం ప్రకారం వచ్చేదాన్ని బతిమాలుకోవడం దేనికి? అయిదోసారి వస్తే ఆర్బిటరే ఆట ఆపేస్తారులే అని కూర్చోవద్దు, ఈలోపు ఎదుటివాళ్లు దారి మార్చేస్తారు.

ఆర్బిటర్ ఎత్తులు సరిచూసేటప్పుడు మధ్యలో మాట్లాడకండి. డ్రా అని తేలాక స్కోర్‌షీట్ల మీద ½–½ రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, అప్పుడే లేవండి.