మన వ్యాపారం ఇన్సూరెన్సును తోటి వ్యాపారాలతో పోల్చి చూసుకోవడం ఎలా?

పాలసీ రెన్యువల్ దగ్గరపడితే తిరుపతి, చిత్తూరు వ్యాపారులు ఒకరినొకరు అడిగే మాట ఒకటే: "నీకెంత పడిందన్నా?" లాడ్జి ఓనరు ఇంకో లాడ్జి ఓనరును అడుగుతాడు, పల్ప్ ఫ్యాక్టరీ ఆయన పక్క ఫ్యాక్టరీ ఆయన్ను అడుగుతాడు. అడగడం మంచిదే. కానీ వచ్చే జవాబులో ఉండేది ప్రీమియం ఒక్కటే. ఎంత ఆస్తికి, ఏయే ప్రమాదాలకు, ఎంత నష్టం సొంతంగా భరించే షరతుతో ఆ ప్రీమియం కట్టారో తెలియనిదే అది చవకో ఖరీదో చెప్పలేం.

2007 జనవరి 1కి ముందు ఫైర్ పాలసీలకు టారిఫ్ ఉండేది. ఏ కంపెనీ గడప తొక్కినా అదే రేటు కాబట్టి పోల్చి చూసే పనే పడేది కాదు. టారిఫ్ పోయాక ఒకే వీధిలో, ఒకే రకం భవనాలకు కూడా రేట్లు వేరుగా పడుతున్నాయి. అందుకే రెన్యువల్‌కు రెండు మూడు నెలల ముందే కూర్చుని ఈ పని చేసుకోవడం మంచిది. మార్చితో పాలసీ ముగిసేవాళ్లు మార్చి చివరి వారంలో మొదలుపెడితే పాత పాలసీనే మళ్లీ కట్టేసి రావాల్సి వస్తుంది.

1. ముందు మన కాగితాలు ఒక చోటికి చేర్చండి

ఫైర్, దొంగతనం, మెషినరీ బ్రేక్‌డౌన్, సరుకు రవాణా, నగదు, వాహనాలు, సిబ్బంది మెడిక్లెయిమ్... ఉన్న పాలసీలన్నీ బయటికి తీయండి. చాలా మందికి ఒకటి ఇంట్లో, ఇంకోటి ఏజెంటు వాట్సాప్‌లో, మూడోది బ్యాంకు ఫైల్లో ఉంటాయి. బ్యాంకు తీయించిన పాలసీ కాపీని మాత్రం తప్పకుండా అడిగి తెచ్చుకోండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఒక్కో పాలసీ నుంచి ఐదు విషయాలు నోటుబుక్కులో రాసుకోండి: సమ్ ఇన్సూర్డ్ (ఎంత మొత్తానికి ఇన్సూరెన్సు ఉందో), ఏ చిరునామాకు, ఏ ప్రమాదాలకు, ఎక్సెస్ (నష్టంలో మనమే భరించాల్సిన మొత్తం) ఎంత, జీఎస్టీ కలపకుండా ప్రీమియం ఎంత. చిరునామాను చాలా మంది చూడనే చూడరు. గాజులమండ్యం ఫ్యాక్టరీ అడ్రసుతో ఉన్న పాలసీ, సీజనులో అద్దెకు తీసుకున్న వేరే గోడౌనులోని సరుకును కాపాడదు. రెండు మూడు చోట్ల సరుకు తిరుగుతుంటే ఫ్లోటర్ (ఆ చోట్లన్నింటికీ కలిపి ఒకే మొత్తంతో ఉండే కవరు) ఉందో లేదో చూడండి.

పాలసీ పేరు కూడా రాసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల లోపు అయితే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లు దాటి 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష ఇస్తున్నారు. ఆపైన ఉన్నవాళ్లకు పాత స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీ. ఈ మూడింటి షరతులు ఒకటి కావు.

2. ఎవరితో పోల్చాలి?

ఈ పనిలో అసలు కీలకం ఇదే. బోర్డు మీద పేరు చూసి జత కలపకండి, ప్రమాదం చూసి కలపండి.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇరవై గదుల పాత లాడ్జి ఒకటి, అలిపిరి రోడ్డులో లిఫ్టు, రెస్టారెంటు, బేస్‌మెంటు పార్కింగు ఉన్న కొత్త హోటలు ఒకటి అనుకుందాం. రెండింటికీ కస్టమరు తిరుమల యాత్రికుడే. ఇన్సూరెన్సు లెక్కలో మాత్రం వీటికి పోలికే లేదు. మొదటిదానికి పాత వైరింగు, ఇరుకు సందు, ఫైరింజను లోపలికి రాగలదా అన్న భయం. రెండోదానికి నీళ్ల భయం. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు వాగులయ్యాయి. అలాంటి వాన మళ్లీ పడితే, జనరేటరు, ఎలక్ట్రికల్ ప్యానళ్లు బేస్‌మెంటులో పెట్టుకున్న భవనానికీ, నేల కంటే ఎత్తులో దిమ్మె మీద పెట్టుకున్న భవనానికీ జరిగే నష్టం ఒకటేనా? బేస్‌మెంటు ఉన్నవాళ్లు బేస్‌మెంటు ఉన్నవాళ్లతోనే పోల్చుకోవాలి.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లోనూ ఇంతే. తోతాపురి సీజనులో మాత్రమే నడిచే యూనిట్ వేరు, మామిడి అయిపోగానే టమాటా, జామ ఆడించే యూనిట్ వేరు. డబ్బాల్లో నింపేవాళ్ల ప్రమాదం ఒకటి, అసెప్టిక్ (క్రిములు చేరకుండా నింపే) డ్రమ్ముల్లో నింపేవాళ్లది ఇంకొకటి. బాయిలరు వయసు, కోల్డ్ స్టోరేజీ ఉందా లేదా అన్నవి కూడా చూడాలి.

సైజు విషయంలో నేను పాటించే లెక్క: మన టర్నోవరులో సగం నుంచి రెట్టింపు దాకా ఉన్నవాళ్లయితే పోల్చవచ్చు. అంతకు మించితే బేరం చేసే బలమే మారిపోతుంది. ఇలాంటివాళ్లు నలుగురైదుగురు దొరికితే చాలు.

3. అడిగే పద్ధతి

మొదట మన వివరాలు చెప్పి, తర్వాత అవతలివాళ్లవి అడగాలి. సంఘం మీటింగుల్లో ఇది తేలిగ్గా జరుగుతుంది. ప్రీమియంతో మొదలుపెడితే చాలా మంది ముడుచుకుంటారు. సమ్ ఇన్సూర్డ్ లెక్క గురించి అడిగితే బాగా మాట్లాడతారు.

"అన్నా, ప్రీమియం మాట అట్లుంచు. స్టాకుకు ఎంతని వేసినారు, ఏ లెక్కన వేసినారు?"

"మేమేడ వేసినాం సామీ, బ్యాంకోళ్లే వేసుకున్నారు, లోనుకు సరిపడా."

ఈ జవాబు వచ్చిందంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ఆయన ప్రీమియం తక్కువ ఎందుకుందో తెలిసిపోయింది. దాన్ని చూసి మనం తగ్గించుకోకూడదు.

ఇంకో దారి ఇన్సూరెన్సు బ్రోకరు. ఏజెంటు కంపెనీ తరఫు మనిషి. బ్రోకరు ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు తీసుకుని కస్టమరు తరఫున కంపెనీలతో మాట్లాడే మనిషి. మనలాంటి పది మంది పాలసీలు ఆయన చేతిలో ఉంటాయి. పేర్లు లేకుండా "ఈ రకం యూనిట్లు ఏయే కవర్లు తీసుకుంటున్నాయి, ఎంత ఎక్సెస్ పెట్టుకుంటున్నాయి" అని రాసిమ్మని అడగండి. అది ఇవ్వడానికి తటపటాయించే బ్రోకరు దగ్గర పాలసీ తీసుకోవాలా అన్నది కూడా ఆలోచించుకోవచ్చు.

4. ప్రీమియాన్ని వెయ్యికి రేటుగా మార్చండి

ఊహకు ఒక లెక్క. ఒక హోటలు 6 కోట్లకు 48,000 కడుతోంది. ఇంకోటి 3 కోట్లకు 36,000 కడుతోంది. రెండో ఆయనకు తక్కువ పడిందని అందరూ అంటారు. వెయ్యి రూపాయల ఆస్తికి లెక్క వేస్తే మొదటాయన కట్టేది 80 పైసలు, రెండో ఆయన కట్టేది రూపాయి 20 పైసలు. ఖరీదుగా కొంటున్నది రెండో ఆయనే.

రేటు మరీ తక్కువగా కనిపిస్తే ఏం తీసేశారో వెతకండి. స్టాండర్డ్ ఫైర్ పాలసీలో తుఫాను, వరద కవరు వద్దనుకుంటే ప్రీమియం తగ్గుతుంది. 2021 వరద, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను చూసిన తిరుపతి జిల్లాలో ఆ కవరు వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. ఎక్సెస్ పెంచుకున్నా రేటు తగ్గుతుంది. అది తప్పేం కాదు. చిన్న నష్టాలు చేతి నుంచి పెట్టుకోగలిగిన వ్యాపారానికి మంచి పద్ధతే. పోల్చేటప్పుడు మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

5. మొత్తం సరిపోతుందా?

బ్యాంకు తీయించిన పాలసీ కాపీ ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. మీ సరుకు 4 కోట్లది అనుకుందాం. బ్యాంకు 25 శాతం మార్జిన్ పోగా 3 కోట్లు సీసీ (క్యాష్ క్రెడిట్ లోను) ఇచ్చింది. పాలసీ కూడా 3 కోట్లకే తీసింది. బ్యాంకుకు కావలసింది దాని లోను భద్రత, కాబట్టి దాని లెక్క దానికి సరిపోయింది. షార్ట్ సర్క్యూట్‌తో 80 లక్షల సరుకు కాలిపోయింది. "పాలసీ 3 కోట్లది, నష్టం 80 లక్షలే, అంతా వస్తుంది" అనుకుంటాం. రాదు. నాలుగు వంతుల్లో మూడు వంతులకే ఇన్సూరెన్సు ఉంది కాబట్టి యావరేజ్ క్లాజు ప్రకారం నష్టంలోనూ మూడు వంతులే, అంటే 60 లక్షలు లెక్కకు వస్తాయి. అందులో ఎక్సెస్ పోతుంది. మిగిలిన చెక్కు బ్యాంకు క్లాజు వల్ల ముందు బ్యాంకుకే వెళ్తుంది. సూక్ష్మ, లఘు పాలసీల్లో 15 శాతం దాకా తక్కువైతే చూసీచూడనట్టు వదిలేస్తారు. ఇక్కడ తక్కువైంది 25 శాతం.

పల్ప్ యూనిట్లకు ఇంకో చిక్కు ఉంది. సమ్ ఇన్సూర్డ్‌ను మార్చి 31 బ్యాలెన్సు షీటు చూసి రాస్తారు. అప్పటికి గోడౌను సగం ఖాళీ. జూలై, ఆగస్టు నాటికి డ్రమ్ములు వరండా దాకా నిలబడతాయి. పాత ఏడాది పల్ప్ అమ్ముడుపోక మిగిలితే ఇంకా ఎక్కువ. అందుకే తోటివాళ్లను అడగాల్సింది సీజను నడిమధ్యలో స్టాకు విలువ ఎంత, పాలసీలో ఎంత అని. స్టాకు హెచ్చుతగ్గులను నెలనెలా తెలియజేసే డిక్లరేషన్ పాలసీ ఎవరైనా తీసుకుంటున్నారేమో కూడా కనుక్కోండి. ఏడాదంతా గరిష్ఠ స్టాకుకు పూర్తి ప్రీమియం కట్టే బాధ తగ్గుతుంది.

భవనాలు, యంత్రాల విషయంలో చదరపు అడుగుకు ఎంత, గదికి ఎంత అని విడగొట్టి పోల్చండి. మీ పక్క హోటలు చదరపు అడుగుకు వేసుకున్న దాంట్లో మీది సగమే ఉంటే, ఎవరో ఒకరు పుస్తకాల్లో తరుగుదల పోయిన విలువ రాశారన్నమాట. కాలిపోతే తిరిగి కట్టడానికి ఈనాటి సిమెంటు, ఇనుము ధరలే కావాలి.

6. వాళ్లకుండి మనకు లేనివి

ఎక్కువగా బయటపడేది లాస్ ఆఫ్ ప్రాఫిట్ పాలసీ. ఫైర్ పాలసీ కాలిన యంత్రానికి డబ్బిస్తుంది. ఆ యంత్రం లేక ఆగిన వ్యాపారానికి ఇవ్వదు. జూన్‌లో లైను కాలిపోతే, రెండు నెలల్లో బాగుచేసుకున్నా అప్పటికి కాయ అయిపోతుంది. మళ్లీ పల్ప్ తీయాలంటే వచ్చే జూన్ రావాలి. ఏడాదంతా నడిచే యూనిట్‌కు ఆరు నెలల ఇండెమ్నిటీ పీరియడ్ (ఆగిన వ్యాపారానికి పాలసీ డబ్బిచ్చే గడువు) సరిపోవచ్చు. మామిడి మీదే బతికే యూనిట్‌కు పన్నెండు నెలలకు తగ్గకూడదు. తోటి యూనిట్ ఆరు నెలలే తీసుకుందని మనమూ అంతే తీసుకుంటే, పోల్చి చూసుకున్నదీ వృథా అయినట్టే.

బాయిలరు పేలితే ఆ బాయిలరుకే జరిగిన నష్టం స్టాండర్డ్ ఫైర్ పాలసీలో రాదు, దానికి వేరే పాలసీ ఉంది. హోటళ్లకు లిఫ్టు ప్రమాదం, తిండి తిని జబ్బుపడటం లాంటివాటికి, బయటివాళ్లకు జరిగిన హానికి పరిహారమిచ్చే పబ్లిక్ లయబిలిటీ. పల్ప్ ఎగుమతి చేసేవాళ్లకు, అమ్మిన సరుకు వల్ల జరిగే హానికి ప్రొడక్ట్ లయబిలిటీ.

సిబ్బంది సంగతిలో ముందు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) చూడండి. నెలకు 21,000 లోపు జీతగాళ్లు అందులోకి వస్తారు. ఆపై జీతం ఉన్న మేనేజర్లు, సూపర్‌వైజర్లకు గ్రూప్ మెడిక్లెయిమ్ తోటివాళ్లు ఎంత ఇస్తున్నారు, గది అద్దెకు పరిమితి ఎంత, తల్లిదండ్రులకు ఉందా అని అడగండి.

7. క్లెయిమ్ పడినవాళ్లతో మాట్లాడండి

క్లెయిమ్ ఎదుర్కొన్న ఒక్క మనిషితో అరగంట మాట్లాడితే పది కొటేషన్లలో దొరకని విషయాలు తెలుస్తాయి. సర్వేయరు ఎన్ని రోజులకు వచ్చాడు, ఏ కాగితాలు అడిగాడు, ఎంత కోశారు, ఎందుకు కోశారు అన్నవి అడగండి. స్టాకు రిజిస్టరు సరిగా లేకనా, యావరేజ్ క్లాజు వల్లనా, కవరే లేకనా అన్నది విడదీసి రాసుకోండి. కంపెనీలు తమ క్లెయిముల లెక్కలు వెబ్‌సైట్లలో మూడు నెలలకోసారి పెడతాయి, అవీ చూడవచ్చు. సొంత పేరు మీద నడిచే వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలు క్లెయిమ్ తగాదా వస్తే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్సు ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆ ఆఫీసుకుంది.

8. తేలిన తేడాను సరిచేయించుకోవడం

అన్నీ ఒకేసారి కొనలేం. ఏ నష్టం వస్తే షట్టరు దించేయాల్సి వస్తుందో దానికి ముందు డబ్బు పెట్టండి. మిగిలినవాటికి ఎక్సెస్ పెంచి ప్రీమియం తగ్గించుకోండి. కొటేషన్లు అడిగేటప్పుడు అన్ని కంపెనీలకూ ఒకే వివరాల కాగితం ఇవ్వండి. ఒకరికి 4 కోట్లు, ఇంకొకరికి 5 కోట్లు అని చెబితే వచ్చిన రేట్లను పోల్చలేం.

సమ్ ఇన్సూర్డ్ తక్కువని తేలితే రెన్యువల్ దాకా ఆగక్కర్లేదు. పాలసీ మధ్యలోనే ఎండార్స్‌మెంటుతో (పాలసీలో మార్పును చేర్చే కాగితంతో) పెంచుకోవచ్చు. అదనపు ప్రీమియం కంపెనీకి చేరాకే పెరిగిన కవరు మొదలవుతుంది కాబట్టి, కాయ ఫ్యాక్టరీ గేటు దాటకముందే, ఈశాన్య రుతుపవనాలు రాకముందే ఈ పని ముగించండి. ఎండార్స్‌మెంటు కాగితం చేతికి రాగానే చిరునామా, మొత్తం, తేదీ మూడూ సరిచూసి, ఒక కాపీ బ్యాంకుకు, ఒకటి ఆడిటరుకు ఇచ్చి, ఇంకొకటి ఫ్యాక్టరీ బయట ఎక్కడైనా ఉంచండి.